రేవమ్మ నాము తిన్న శుక్రవారం

మా నాన్న రెండేళ్ళపాటు మా అన్నయ్యతో గేదె ద్వారా మాట్లాడారు.

ఆ గేదె పేరు రేవమ్మ. అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన దూడ. ఏటి అవతల లంకలో తాతగారు పలుపు అమ్మ చేతికిచ్చి పంపిస్తే, అది ఏరు దాటించే పంటు ఎక్కనని మొరాయించి, పంటు పక్కనే పాయ ఈదుకుంటూ వచ్చి మా రేవులో ఒడ్డెక్కి ఒళ్ళు దులుపుకుందట. అందుకని అమ్మ ఆ పేరు పెట్టింది. తర్వాత అమ్మ పోయింది. రేవమ్మ ఉంది.

నాన్న కృపానందం మేస్టారు, ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్లో. బళ్ళో గొంతు విప్పితే ఏటిగట్టు దాకా వినపడేది గానీ ఇంట్లో ఆయన నేరుగా మాతో మాట్లాడింది తక్కువ. "మేరీ, పిల్ల లెక్కలు చేసిందేమో అడుగు" అనేవారు అమ్మతో, నేను ఆయన పక్కనే పలక పట్టుకుని కూచునుండగా. అమ్మ పోయాక, తప్పక, నాతో మాట్లాడడం నేర్చుకున్నారు. అన్నయ్యతో నేర్చుకునేలోపే తగువొచ్చింది.

తగువేమిటంటే, ఇస్సాకు అన్నయ్య మేస్టరు ట్రైనింగు సగంలో వదిలేసి కొత్తపేట సెంటర్లో ఫొటో స్టూడియో పెట్టాడు. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు, మేరీ స్టూడియో అని. ఆ రోజు నాన్న అన్నది నాకిప్పటికీ గుర్తే.

"మీ తాత బడి గుమ్మం బయట నిలబడి, లోపల చెప్పే పాఠం విని అక్షరాలు నేర్చుకున్నాడ్రా. నేను ఆ గుమ్మం దాటి లోపలికెళ్ళి పాఠం చెబుతున్నాను. నువ్వు మళ్ళీ బయటికొచ్చి చీకటి గదిలో కూచుంటావా?"

ఆ తర్వాత ఆయన కొత్తపేట వెళ్తే సెంటర్లోంచి కాకుండా వెనక సందులోంచి వెళ్ళేవారు. బోర్డు కనపడకుండా.

అన్నయ్య మాత్రం ప్రతి ఆదివారం లూనా వేసుకుని ఇంటికొచ్చేవాడు. ఆరాధన అయ్యాక నాన్న కుడితి బాల్చీ పట్టుకుని పాకలోకి వెళ్ళేవారు. అన్నయ్య వెనకే వెళ్ళి గేదె గంగడోలు నిమురుతూ నిలబడేవాడు.

"రేవమ్మా, స్టూడియోవారు భోంచేస్తారో, హోటల్లో కానిచ్చేసొచ్చేరో అడగవే."

"రేవమ్మా, మామ్మ కొర్రమీను పులుసు పెడితే కాదనేవాడు ఈ కోనసీమలో ఉంటాడా?"

"రేవమ్మా, మనిషి చిక్కిపోయేడు. ఆ మందుల వాసనకేమో."

"రేవమ్మా, చిక్కింది నేను కాదే, మేస్టారి కళ్ళజోడు. కొత్తది వేయించుకోమని చెప్పు."

రేవమ్మ ఇద్దరి మధ్యా నెమరు వేస్తూ, ఒకరి తర్వాత ఒకరి వైపు తల తిప్పేది. మా మామ్మ మరియమ్మ గుమ్మంలో కూచుని "మీ ఇద్దరి మాటలూ మొయ్యలేక దాని చెవులు అరిగిపోతున్నాయిరా" అని నవ్వేది. నవ్వేది గానీ లోపల ఆవిడకీ బెంగే. ఒకసారి రేవమ్మ ఎదకొస్తే దున్న దగ్గరికని పక్కూరు తోలుకెళ్ళారు. ఆ ఆదివారం తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూచుని, ఒక్క మాట లేకుండా భోంచేసి లేచారు. ఆ రోజే నాకు తెలిసింది, మా ఇంట్లో ఆ గేదె పాలకోసం ఒక్కటే లేదని.

ఎనభయ్యారు ఆగస్టులో గోదావరి మా ఇంట్లోకి వచ్చింది. గట్టు తెగిన పొద్దున మా గడ్డిమేటు, దాని మీదెక్కిన పక్కింటి కోళ్ళతో సహా, పడవలా తేలుతూ సముద్రం దారి పట్టింది. మేం బడి డాబా ఎక్కాం. రేవమ్మని ఎవరూ ఎక్కించలేదు. పలుపు కోసేస్తే అదే ఈదుకుంటూ పోయి, నీళ్ళు తీశాక తిరిగొచ్చింది.

మనుషులకి లారీల్లో బియ్యం వచ్చాయి. పశువులకి కూడా ఎక్కడెక్కడినుంచో గడ్డి వచ్చింది గానీ అది ముక్కవాసన. రేవమ్మ మూతి పెట్టి, తుమ్మి, మొహం తిప్పుకునేది. దాని డొక్కలు లెక్కపెట్టేలా తేలాయి. వరద దించిన ఒండ్రు మీద ఊళ్ళోవాళ్ళంతా మేతకని జొన్న చల్లారు. మా నాన్న కూడా గట్టు అవతల ఉన్న మా పొలం చెక్కలో చల్లారు. ఆ చొప్పతోనే పశువులు మళ్ళీ మనుషుల్లో పడ్డాయి.

జొన్నతో ఒక చిక్కుంది. కోసేశాక మొదళ్ళకి మళ్ళీ పిలకలొస్తాయి. వాటిని నాము అంటారు. లేతగా, పచ్చగా ఉండి, చూస్తే మనిషికే నమలాలనిపిస్తుంది. వాన లేక ఎండకి వడిలిన నాములో విషం ఉంటుంది. పశువు తిన్నదంటే పడిపోవడమే. అది మావైపు పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే కోత అయ్యాక అందరూ పశువుల్ని పాకల్లో కురచగా కట్టేసుకుంటారు.

మరుసటేడు మంచి శుక్రవారానికి, అదే గుడ్ ఫ్రైడేకి, మా చెక్కలో నాము మోకాలెత్తు ఉంది. నెలరోజులుగా చినుకు లేదు.

మంచి శుక్రవారం మా ఇంట్లో పొయ్యి వెలగదు. మూడు గంటల ఆరాధన అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టం. అంతవరకూ క్రైస్తవుల ఇళ్ళన్నిటిలోనూ ఉన్నదే. మా మామ్మ దగ్గర ఇంకొకటుంది. ఆ పూట గేదె కూడా ఉపవాసమే.

"నీనెవె పట్టణంలో రాజుగారి దగ్గర్నించి గొడ్డూగోదా దాకా ఉపవాసం ఉంటేనే దేవుడు కనికరించేడు. మన రేవమ్మ వాటికన్నా గొప్పదా?" అనేది. ఇది మామ్మ అత్తగారి నుంచి వచ్చిన పద్ధతి. పాస్టరుగారు ఓసారి "పశువులకి అక్కర్లేదు మరియమ్మగారూ" అని చెప్పిచూశారు. "మీరు కొత్తగా వచ్చేరు బాబూ" అంది మామ్మ.

ఆ ఉదయం నేను అడ్డం పడ్డాను. "మామ్మా, వరదప్పుడే అది కావల్సినంత ఉపవాసం చేసిందే. ఇవాళైనా మేత వెయ్యనీ."

"బీయెస్సీ చదివేవని బైబిలు మార్చేస్తావేంటే రత్నమాలా? పన్నెండు నుంచి మూడు. కళ్ళు మూసి తెరిస్తే అయిపోద్ది."

"దానికి కళ్ళు మూసుకోమని ఎవరు చెప్తారు?"

అప్పుడే అన్నయ్య తెల్లచొక్కాతో లూనా దిగాడు. నాన్న చేతిసంచీలో పాటల పుస్తకం పెట్టుకుంటూ పాక వైపు చూసి "రేవమ్మా, పెళ్ళి ఫొటోలు ఉన్నాయన్న పెద్దమనిషి, పండక్కి ఖాళీ చేసుకున్నాడే" అన్నారు.

"ఆదివారానికి ఇచ్చేయాలి రేవమ్మా. పెళ్ళికొడుకు సోమవారం మస్కట్ విమానం ఎక్కేస్తాడు. పెళ్ళికూతురికి ఆ ఫొటోలే మిగుల్తాయి. రేపంతా చీకటి గదే."

చీకటి గది మాట వినగానే నాన్న గుడి దారి పట్టారు.

గుడి, అంటే మా చర్చి, ఇంటికి రెండిళ్ళ అవతల. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకీ ఏడు ప్రసంగాలు. ఫ్యాన్లు లేవు, నోట్లో తడి లేదు. అయిదో మాట దాహం గురించి. పాస్టరుగారు గొంతు తగ్గించి, ఆ దాహం ఎంతటిదో వర్ణించి, ఒక్క క్షణం ఆగారు. ఆ నిశ్శబ్దంలో మా పాకలోంచి రేవమ్మ పెద్దగా అరిచింది.

కుర్రాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. పాస్టరుగారు మళ్ళీ మొదలుపెట్టారు. రేవమ్మా మళ్ళీ మొదలుపెట్టింది. మామ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆరో మాటకొచ్చేసరికి అరుపులు ఆగిపోయాయి. "చూసేవా, దానికీ అర్థమైంది" అని మామ్మ నా చెవిలో అంది.

మేం ఇంటికొచ్చేసరికి పాకలో తెగిన పలుపు ముక్క వేలాడుతోంది.

ఎక్కడని వెతకక్కర్లేకపోయింది. నాన్న అంత జోరుగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. గట్టు ఎక్కేసరికి అవతలి వాలులో రేవమ్మ కనపడింది. జొన్నచెక్కలోంచి ఇంటివైపే వస్తోంది పాపం, తాగినవాడిలా. నోటి నిండా నురగ. నాన్నని చూసి ఒకడుగు వేసి, ముందుకాళ్ళు మడిచి, పక్కకి ఒరిగిపోయింది. మూతికి ఇంకా పచ్చ ఆకు అంటుకునుంది.

పశువుల కాంపౌండరు సత్తియ్యగారిల్లు గట్టు కిందే. సెలవు కదా, అరుగు మీద చుట్ట కాలుస్తున్నాయన చుట్ట అక్కడే పడేసి వచ్చారు. వచ్చి రేవమ్మ కంటిరెప్ప కిందికి లాగారు.

"చూడండి మేస్టారూ, మందారప్పువ్వులా ఎర్రగా ఎలా ఉందో. నామేనండి. ఎంతసేపైంది తిని?"

"ఏమో సత్తియ్యగారూ. ఆరో మాట దగ్గర తెంపుకునుంటుంది."

"ఖాళీ కడుపు మీద తినేసిందండి. అదీ చిక్కు. అమ్మాయిగారూ, ముందు బెల్లం నీళ్ళు కలిపి తీసుకురండి."

నేను కదలకుండా రేవమ్మ డొక్కల వైపే చూస్తున్నాను. అవి ఎగిసెగిసి పడుతున్నాయి. కాలేజీలో చదివింది అప్పుడు కళ్ళకి కట్టింది. నాములో ఉండేది సైనైడు. అది ఊపిరిని ఆపదు. గాలి లోపలికి పోతూనే ఉంటుంది, నెత్తురు దాన్ని మోసుకుని కణం గుమ్మం దాకా తీసుకెళ్తూనే ఉంటుంది. ఆ కణమే దాన్ని అందుకుని వాడుకోలేదు. గుమ్మం దగ్గర కూడు పెట్టుకుని ఆకలితో చావడం. నెత్తురు అంత ఎర్రగా ఉండేది అందుకే.

"ఏమే, నించున్నావేంటి?" అని మామ్మ కేకేసి, తనే బెల్లానికి పరిగెత్తింది.

సత్తియ్యగారు పంచె బిగించి కట్టుకున్నారు. "దీనికి మందుందండి. తెల్లటి పలుకులు, పటికబెల్లంలా ఉంటాయి. థయోసల్ఫేటంటారు. ఆసుపత్రిలో ఉంది. తాళం డాక్టరుగారి దగ్గరుంది. డాక్టరుగారు సెలవుకి రాజమండ్రి వెళ్ళేరు."

"సోడియం థయోసల్ఫేటాండీ?" అన్నాను.

"ఆయ్, అదేనండి."

మా లాబులో బ్యూరెట్లో పోసేవాళ్ళం. నీలం రంగు నీళ్ళు, ఆఖరి చుక్క పడగానే చటుక్కున విరిగి తెల్లబడిపోయేవి. సీసా మీద ఆ పెద్ద పేరుంటే, మా లెక్చరరుగారు మాత్రం పొట్టి పేరే అనేవారు.

"అన్నయ్యా, హైపో! నువ్వు ఫొటోలు ముంచే హైపోయే అది!"

అన్నయ్య ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత చూస్తే లూనా గట్టు మీద పోతోంది. ఆ బండి ఎంత లాగగలదో అంతా లాగుతోంది, పైగా వాడు పెడలు కూడా తొక్కుతున్నాడు.

కొత్తపేట మా ఊరికి దగ్గరే. ఆ వేళ మాత్రం దగ్గర్లో లేదు. సత్తియ్యగారు వెదురుగొట్టంతో బెల్లం నీళ్ళు పట్టారు. సగం లోపలికి, సగం ఇసకలోకి. మామ్మ దాని వెన్ను మీద చేతులు పెట్టి "నేనే చంపుకున్నానే నిన్ను. నా నీనెవె మండ" అని ఏడుస్తోంది.

"నువ్వు ఊరుకో అమ్మా" అన్నారు నాన్న. "పచ్చగా కనపడితే కడుపు నిండినదైనా వెళ్తుంది." ఆయన రేవమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. ఆదివారపు పంచె నిండా నురగ. వంగి దాని చెవిలో "రేవమ్మా, వాడొచ్చేస్తాడు. కాస్త ఓపిక పట్టవే. వాడొచ్చేస్తాడు" అన్నారు.

ఆ మాటలో ఎకసెక్కెం లేదు. రెండేళ్ళలో మొదటిసారి.

అన్నయ్య రేకుడబ్బా పొట్టకి కట్టుకుని వచ్చాడు, తువ్వాలుతో. సత్తియ్యగారు మూత తీసి వాసన చూశారు.

"ఇందులో ఇంకేమైనా కలిపేవా బాబూ?"

"లేదండి. ఇది ఉత్త పలుకులు. కలిపింది వేరే సీసాలో ఉంది, అది తేలేదు."

"మంచి పని చేసేవు."

బాల్చీలో కలిపారు. గొట్టంతో పట్టారు. కాసేపు చూశారు, మళ్ళీ కలిపారు. రేవమ్మ తల విదిలిస్తోంది, కొమ్ము గాల్లో తిరుగుతోంది. నేను కాళ్ళ దగ్గర, అన్నయ్య మెడ దగ్గర, నాన్న మూతి దగ్గర.

"ఇస్సాకూ, దవడ కింద చెయ్యి పెట్టరా. ఊహూఁ, అలా కాదు, కొమ్ము తగుల్తుంది నీకు. ఇటు జరుగు. నా పక్కకి రా."

"ఆయ్ నాన్నా."

"ఇప్పుడు ఎత్తు. మెల్లిగా."

మామ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది. నేను మామ్మ వైపు చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు. అంటే ఆ మాటలు ఎక్కడ ఆగిపోతాయోనని.

డబ్బా అడుగు కనపడింది. పొద్దు కొబ్బరిచెట్ల వెనక్కి దిగుతోంది. రేవమ్మ ఊపిరి జోరు తగ్గింది. ముందు అది మంచికో చెడ్డకో తెలియలేదు. తర్వాత అది ఒక చెవి ఆడించి ఈగని తోలింది. తర్వాత కాళ్ళు కూడదీసుకుని, నాన్నని పక్కకి తోసేసి లేచి నిలబడి, తోక ఎత్తి పోయడం మొదలుపెట్టింది. ఎంతసేపు పోసిందో! సత్తియ్యగారు చప్పట్లు కొట్టారు. "పోతోందండి విషం! ఆ మందు చేసేది అదేనండి, పట్టుకుని బయటికి పంపేస్తుంది." ఆ ఏడాదికి మా ఇంటికి వచ్చిన రెండో వరద అది. అందరం తడిశాం, ఎవరూ పక్కకి జరగలేదు.

సత్తియ్యగారు ఖాళీ డబ్బా తిరగేసి చూపించారు. "డబ్బా అంతా ఊడ్చేసేం బాబూ. నీ పనికి కావాలేమో."

"ఫర్వాలేదండి" అన్నాడు అన్నయ్య. నాన్న ఆ డబ్బా వైపు చూశారు, అన్నయ్య వైపు చూశారు.

శనివారం పొద్దున నేను లేచేసరికి నాన్న లేరు. రేవమ్మకి కుడితి పెట్టి, మొదటి బస్సుకి వెళ్ళిపోయారని మామ్మ చెప్పింది. "ఎక్కడికో చెప్పలేదు. మీ నాన్న నాకు ఎప్పుడు చెప్పేడు గనక."

నేను స్టూడియోకి వెళ్ళాను, సాయం చేద్దామని. అన్నయ్య మొహం వేలాడేసుకుని కూచునున్నాడు. పెళ్ళి ఫిల్ము కడిగేశాడట, దానికి ముందే కలిపి సీసాలో ఉంచిన హైపో సరిపోయింది. ఇక కాగితాల మీద వెయ్యాలి. హైపోలో ముంచకపోతే వెలుతురు తగలగానే మొహాలన్నీ నల్లబడిపోతాయి. కొత్తపేటలో ఇంకో స్టూడియో లేదు. అమలాపురం వెళ్ళొద్దామంటే గిరాకీలు గుమ్మంలో ఉన్నారు. మస్కట్ పెళ్ళికొడుకు తమ్ముడు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడట.

మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. నాన్న. బోర్డు కింద నిలబడి పైకి చూస్తున్నారు. అమ్మ పేరు ఎర్ర అక్షరాల్లో రాసుంది. ఆయన పెదాలు కదిలాయి, బళ్ళో పిల్లల చేత చదివించేటప్పుడు కదిలినట్టు. చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. స్టూడియోలోకి ఎవరూ చెప్పులు విడిచి రారు.

చేతిసంచీలోంచి కాగితప్పొట్లం తీసి బల్ల మీద పెట్టారు.

"అమలాపురంలో దొరికింది. చూసుకో, ఇదేనా? వాడు పంచదార గానీ కట్టిచ్చేడేమో."

అన్నయ్య పొట్లం విప్పాడు. "ఇదే నాన్నా."

"నాకూ అనుమానమొచ్చి బస్సులో కాస్త నోట్లో వేసుకున్నాను. పంచదార మాత్రం కాదు."

"నోట్లో వేసుకున్నారా!"

"రేవమ్మ అన్ని గొట్టాలు తాగింది. నేను పలుకంత నాకితే ఏమవుతుందిరా?"

అన్నయ్య నవ్వాడు. నవ్వుతూనే అటు తిరిగి గోడ వైపు చాలాసేపు ఏదో వెతుక్కున్నాడు.

చీకటి గదిలో ముగ్గురం ఇరుక్కున్నాం. ఎర్రదీపం. పళ్ళెంలో తెల్లకాగితం వేసి అన్నయ్య మెల్లిగా ఊపాడు. ముందు బాసికం వచ్చింది, తర్వాత కళ్ళు వచ్చాయి, తర్వాత పెళ్ళికూతురు పూర్తిగా వచ్చి మా వైపు చూసింది. నాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇక ఇందులో వెయ్యాలా?"

"ఆయ్. మీరే వెయ్యండి."

నాన్న రెండు వేళ్ళతో కాగితం అంచు పట్టుకుని, పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు, హైపోలో ముంచారు. సాయంత్రం దాకా అదే పని. కడిగిన ఫొటోల్ని దారానికి తగిలించడం కూడా ఆయనే తీసుకున్నారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక అన్నట్టు, చిన్న కాగితాలు ఒక వరస, పెద్దవి ఒక వరస. తప్పుగా తగిలించినందుకు నన్ను కసిరారు కూడా.

ఆదివారం తెల్లవారుతూనే సమాధుల తోటలో ఆరాధన. అమ్మ సమాధి మీద కొవ్వొత్తి పెట్టి ఇంటికొచ్చాం. మామ్మ ఎవరితోనూ ఏమీ చెప్పకుండా ముందు పాకలోకి వెళ్ళి, రేవమ్మ ముందు తవుడూ తెలకపిండీ కలిపి పెద్ద గోలెం నిండా పెట్టింది. "వచ్చే ఏడాది నీ ఉపవాసం కూడా నేనే ఉంటాలే" అంది దాంతో.

నాన్న ఎప్పటిలా బాల్చీ పట్టుకుని పాకలోకి వెళ్ళారు. అన్నయ్య ఎప్పటిలా వెనకే వెళ్ళి గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు. నేనూ మామ్మా గుమ్మంలో కూచున్నాం.

"ఫొటోలు ఇచ్చేసేవా?" అన్నారు నాన్న.

"రాత్రే ఇచ్చేసేను నాన్నా. పెళ్ళికూతురు ఏడ్చేసింది."

"బాగాలేవనా?"

"బాగున్నాయనేనండి."

"ఊఁ." బాల్చీ కింద పెట్టి, "ఆ రెండో వరసలో పెద్దాయన మొహం కాస్త చీకటయ్యింది. వెలుతురు అటునుంచి రానివ్వాల్సింది" అన్నారు.

"ఆయన పందిరి గుంజ చాటున దాక్కున్నాడు నాన్నా. రమ్మంటే రాడు."

"అలాంటివాణ్ణి చెయ్యి పట్టుకుని లాగాలిరా."

మాటలు అలా సాగుతూనే ఉన్నాయి. రేవమ్మ గోలెంలోంచి మూతి ఎత్తింది. తవుడంటిన మూతితో నాన్న వైపు చూసింది, అన్నయ్య వైపు చూసింది, మళ్ళీ నాన్న వైపు చూసింది. తన పేరు ఎవరూ ఎత్తకపోయేసరికి, తల విదిలించి, ఇద్దరి మధ్యకీ మూతి దూర్చి పెద్దగా అరిచింది.